స్కిజోఫ్రీనియా: ఏళ్ల తరబడి సాగే చికిత్స గురించి ఇంట్లోవాళ్లు అడిగే ప్రశ్నలు

ఆసుపత్రి నుంచి మనిషి ఇంటికి వచ్చాడు. రాత్రి నిద్రపోతున్నాడు, గోడకేసి మాట్లాడటం తగ్గింది, నెలకు సరిపడా మందుల సంచి చేతిలో ఉంది. కుటుంబానికి అసలు ప్రశ్నలు మొదలయ్యేది అప్పుడే. ఓపీలో డాక్టరుగారి ముందు కూర్చునే కాసేపట్లో అవన్నీ అడగలేం. మా తమ్ముడికి ఈ జబ్బు వచ్చినప్పటి నుంచి మా ఇంట్లో తలెత్తినవీ, ఆ తర్వాత ఇతర కుటుంబాలవాళ్లు నన్ను అడుగుతూ వచ్చినవీ ఇక్కడ రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. మందు మార్చడం, మోతాదు తగ్గించడం, ఆపడం మాత్రం మీ సైకియాట్రిస్టుతో మాట్లాడాకే చేయండి.

ఈ జబ్బు పూర్తిగా నయమవుతుందా?

ఒక్క మాటలో అవుననీ కాదనీ చెప్పే వీల్లేదు. చెన్నైలో ఈ జబ్బు మీదే పనిచేసే స్కార్ఫ్ సంస్థ పరిశోధకులు 1980ల మొదట్లో కొత్తగా జబ్బుపడినవారిని పాతికేళ్ల పాటు గమనిస్తూ వచ్చారు. ఒక్క విడతతో బయటపడి మళ్లీ ఎప్పుడూ జబ్బు చూడనివారు వారిలో కొద్దిమందే. విరామం లేకుండా జబ్బులోనే ఉండిపోయినవారూ కొద్దిమందే. చాలామందికి కోలుకోవడం, కొన్నాళ్లకు తిరగబెట్టడం, మళ్లీ కోలుకోవడం, ఇలా సాగింది. మన ఇళ్లలాంటి ఇళ్లలో ఉన్న మనుషుల సంగతి కాబట్టి నాకు ఆ ఫలితం మీద గురి ఎక్కువ.

అందుకని నయం కావడాన్ని దేనితో కొలవాలో ముందు తేల్చుకోవాలి. ఎవరూ లేకున్నా వినిపించే గొంతులు పూర్తిగా ఆగిపోవాలి అని పట్టుబడితే నిరాశే మిగలవచ్చు. మా తమ్ముడికి ఇప్పటికీ సాయంత్రం పూట చెవిలో ఎవరో గొణుగుతారు. ఫ్యాను చప్పుడులోంచి వస్తుందంటాడు. అయినా పొద్దున్నే లేచి గడ్డం గీసుకుని జిరాక్స్ షాపుకు వెళతాడు, మధ్యాహ్నం దాకా పనిచేసి వస్తాడు. గొణుగుడు ఎక్కువైన రోజున రేడియో పెట్టుకుంటాడు. నా లెక్కలో అది కోలుకోవడమే.

మా అబ్బాయి ఇప్పుడు బాగానే ఉన్నాడు. ఇంకా ఎన్నాళ్లు మందులు వాడాలి?

మొదటి విడత అయితే, లక్షణాలు తగ్గాక కనీసం ఒకటి రెండేళ్లు కొనసాగించమని సాధారణంగా చెబుతారు. రెండోసారి తిరగబెట్టిందంటే అయిదేళ్లు, లేదా అంతకు మించి. చాలామందికి జీవితాంతం వాడాల్సి వస్తుంది.

65 క్లినికల్ పరీక్షల్లో పాల్గొన్న దాదాపు 6,500 మంది వివరాలను కలిపి చూసిన ఒక విశ్లేషణ 2012లో వెలువడింది. మందు కొనసాగించినవారిలో ఏడాది లోపు జబ్బు తిరగబెట్టింది 27 శాతం మందికి. మందు ఆపి, మందు లేని ఉత్త మాత్ర తీసుకున్నవారిలో 64 శాతం మందికి. అంటే వాడినా కొందరికి తిరగబెడుతుంది, ఆపినా కొందరికి తిరగబెట్టదు. మీ బిడ్డ ఏ వైపు ఉంటాడో ముందే చెప్పగల పరీక్ష మాత్రం లేదు.

మోసం ఎక్కడుందంటే, మందు ఆపిన మర్నాడు ఏమీ కాదు. వారం గడుస్తుంది, నెల గడుస్తుంది. మత్తు దిగి మనిషి ఇంకా చురుగ్గా కనిపిస్తాడు. "చూశారా, ఇన్నాళ్లూ ఆ మందులే వీణ్ణి పాడుచేశాయి" అని చుట్టాలు అంటారు. మూడో నెలలోనో ఆరో నెలలోనో నిద్ర తప్పుతుంది. అప్పటికి మందు ఆపిన సంగతి ఎవరికీ గుర్తుండదు. ఉద్యోగంలో ఒత్తిడి అంటారు, దిష్టి అంటారు. మళ్లీ మామూలు కావడానికి ఈసారి ఇంకా ఎక్కువ కాలం పట్టవచ్చు, కొందరికి పాత మోతాదు సరిపోదు కూడా. ఈలోగా పోయిన ఉద్యోగం, ఆగిన చదువు ఏ మందుతోనూ తిరిగి రావు.

మోతాదు తగ్గించుకోవాలని రోగి కోరుకోవడంలో తప్పులేదు. అతని కోరిక విని, డాక్టరు ముందు పెట్టండి. వీలైతే నెలల తరబడి కొద్దికొద్దిగా తగ్గిస్తారు. పరీక్షలు, ఇల్లు మారడం, ఇంట్లో పెళ్లి వంటివి లేని కాలం చూసుకుని మొదలుపెట్టడం మంచిది.

మా చెల్లి తనకు జబ్బే లేదంటుంది. మాత్ర ఎలా వేయించాలి?

దీన్ని మొండితనం అనుకోకండి. తనకు జబ్బు ఉందన్న ఎరుక దెబ్బతినడం ఈ జబ్బులోనే ఒక భాగం. వాదించి ఒప్పించలేరు. జబ్బు పేరు పక్కన పెట్టి, ఆమెను నిజంగా బాధపెడుతున్నదాని దగ్గర మొదలుపెట్టండి. నిద్ర పట్టకపోవడం, భయం, ఎవరో వెంటాడుతున్నారన్న అలసట. "ఆ మాత్ర వేసుకున్న రోజుల్లో నువ్వు రాత్రంతా పడుకున్నావు కదమ్మా" అన్న మాటకు ఆమె చెవి ఒగ్గవచ్చు. "నీ బుర్ర సరిగా లేదు, అందుకే మింగు" అంటే ఎవరు మాత్రం మింగుతారు?

వారానికి సరిపడా గదులున్న మందుల డబ్బా మందుల షాపుల్లో దొరుకుతుంది. దాన్ని మీరు నింపకుండా, ఆమె చేతనే నింపించి పక్కన కూర్చోండి. ఏ మాత్ర ఎందుకో ఆమెకే తెలియాలి.

అన్నంలోనో కాఫీలోనో కలిపి ఇస్తే?

మన ఇళ్లలో చాలామంది చేస్తారు, బయటికి చెప్పరు. గత్యంతరం లేక చేసిన తల్లిని నేను తప్పుపట్టను. కానీ తిండిలో ఎవరో విషం కలుపుతున్నారని భయపడే మనిషి తన కాఫీ గ్లాసు అడుగున తెల్లటి పొడి చూస్తే ఏమవుతుందో ఆలోచించండి. ఆ భయం నిజమని మన చేతులతో మనమే రుజువు చేసినట్టు. ఆ తర్వాత ఆమె తిండి కూడా మానేస్తుంది. పైగా ఆ పూట కాఫీ సగం వదిలేస్తే ఎంత మందు లోపలికి వెళ్లిందో డాక్టరుకు తెలియదు. ఇప్పటికే ఇస్తున్నట్లయితే ఆ సంగతి డాక్టరుకు దాచకుండా చెప్పి, బయటపడే దారి అడగండి.

రోజూ మాత్ర గొడవ లేకుండా వేరే దారి లేదా?

ఉంది. ఎక్కువకాలం పనిచేసే ఇంజెక్షన్లు. ఫ్లూఫెనజిన్ డెకనోయేట్, హాలోపెరిడాల్ డెకనోయేట్ పాతవి, చవకైనవి. రెండు నుంచి నాలుగు వారాలకు ఒకటి వేస్తారు. పాలిపెరిడోన్ నెలకొకటి, కొందరికి మూడు నెలలకొకటి. ధర బాగా ఎక్కువ. ఇంజెక్షన్ అనగానే చేయిదాటిపోయినవారికి ఇచ్చేదనో, మాట వినని వారికి శిక్ష అనో అనుకుంటారు. నా అభిప్రాయంలో దాని గొప్ప మేలు వేరే ఉంది. రోజూ "వేసుకున్నావా, వేసుకున్నావా" అని అడగాల్సిన పని తప్పి, అమ్మ మళ్లీ అమ్మగా ఉండగలుగుతుంది.

మందులతో ఒళ్లు పెరిగిపోతోంది. ఇంకేమేం గమనించాలి?

ఒలాంజపిన్, క్లోజపిన్‌తో బరువు, రక్తంలో చక్కెర, కొవ్వు పెరగడం ఎక్కువ. మందు మొదలుపెట్టేటప్పుడే బరువు, నడుము చుట్టుకొలత, షుగర్, కొలెస్ట్రాల్ చూసి రాసిపెట్టుకోవాలి. మూడు నెలలకు మళ్లీ, తర్వాత కనీసం ఏడాదికోసారి. ఈ జబ్బు ఉన్నవారు మిగతావారికంటే ముందే చనిపోవడానికి గుండె జబ్బులు, మధుమేహం పెద్ద కారణం. మానసిక రోగి ఛాతీలో నొప్పి అంటే దాన్నీ భ్రమ కింద కొట్టిపారేసేవాళ్లుంటారు. మీరు అలా చేయకండి. బరువు మరీ పెరిగితే మందు మార్చవచ్చా, మెట్‌ఫార్మిన్ జతచేయవచ్చా అని అడగండి.

కూర్చోలేక, నిలబడలేక గదిలో అటూ ఇటూ తిరుగుతూ, కాళ్లు కదిలిస్తూనే ఉంటే జబ్బు ముదిరిందని కంగారుపడి మోతాదు పెంచమని అడుగుతారు. అది మందు తెచ్చిన అస్థిమితం కావచ్చు, అప్పుడు పెంచితే ఇంకా ఎక్కువవుతుంది. చేతులు బిగుసుకుపోవడం, వణుకు, చొంగ కారడం కూడా చెప్పాల్సినవే. ఏళ్ల తరబడి వాడినవారిలో కొందరికి పెదవులు, నాలుక నములుతున్నట్టు వాటంతటవే కదులుతాయి. ఎంత తొందరగా గుర్తిస్తే అంత మంచిది.

ఆడపిల్లల విషయంలో ఒకటి. రిస్పెరిడోన్, అమిసల్‌ప్రైడ్ వంటి వాటితో నెలసరి ఆగిపోవచ్చు, రొమ్ముల్లోంచి పాలు రావచ్చు. మగ డాక్టరు ముందు ఆ పిల్ల నోరు విప్పదు. గర్భమేమోనన్న భయంతో ఇంట్లో కూడా చెప్పకుండా కుమిలిపోతుంది. తల్లో అక్కో ముందుగా అడగాలి. మగవాళ్లు లైంగిక ఇబ్బందులను దాచి, చడీచప్పుడు లేకుండా మందు మానేస్తారు. ఇదీ అంతే ముఖ్యం.

ఏ మందూ పనిచేయడం లేదు. ఇక ఆశ లేదా?

దాదాపు మూడోవంతు మందికి మామూలు మందులు సరిగా పనిచేయవు. రెండు వేర్వేరు మందులను సరైన మోతాదులో, ఒక్కొక్కటి కనీసం ఆరు వారాలు క్రమం తప్పకుండా వాడినా ఫలితం లేకపోతే క్లోజపిన్ గురించి అడగాలి. అలాంటివారికి ఇంతకంటే బాగా పనిచేసే మందు ఇప్పటికీ లేదు. ఆత్మహత్య ముప్పునూ తగ్గిస్తుంది. రక్తపరీక్షల బాదరబందీకి భయపడి ఏళ్లకేళ్లు దీన్ని వాయిదా వేస్తుంటారు. నా బాధ అదే.

జాగ్రత్తలు మాత్రం గట్టిగా పాటించాలి. కొద్దిమందిలో ఈ మందు తెల్ల రక్తకణాలను ప్రమాదకరంగా తగ్గిస్తుంది. అందుకే సాధారణంగా మొదటి 18 వారాలు వారానికోసారి, తర్వాత డాక్టరు చెప్పిన వ్యవధుల్లో రక్తపరీక్ష చేయిస్తారు. జ్వరం, గొంతునొప్పి వస్తే అదే రోజు పరీక్ష చేయించాలి. మలబద్ధకాన్ని చిన్న విషయంగా తీసుకోవద్దు, ఈ మందుతో అది ప్రాణం మీదకు తెచ్చిన సందర్భాలున్నాయి. రెండు రోజులకు మించి మందు తప్పితే పాత మోతాదుతో మొదలుపెట్టకుండా ముందు డాక్టరుకు ఫోన్ చేయండి. ఇంకొకటి చాలామందికి తెలియదు: సిగరెట్ పొగ క్లోజపిన్, ఒలాంజపిన్ స్థాయులను తగ్గిస్తుంది. సిగరెట్లు ఒక్కసారిగా మానేస్తే రక్తంలో మందు స్థాయి పెరిగిపోతుంది. మానడం మంచిదే, డాక్టరుకు చెప్పి మానాలి.

షాక్ ట్రీట్‌మెంట్ ప్రమాదమా?

ఇప్పుడు మత్తు ఇచ్చి, కండరాలను సడలించే మందు ఇచ్చాకే చేస్తారు. అవి లేకుండా చేయడాన్ని చట్టం నిషేధించింది. బిగుసుకుపోయి తిండీ నీళ్లూ మానేసినవారికి, కొన్ని మొండి కేసులకు ఇది బాగా పనికొస్తుంది. కొందరికి జ్ఞాపకశక్తి కొంతకాలం మందగిస్తుంది.

అరుపులు, అనుమానాలు పోయాయి. కానీ రోజంతా పడుకునే ఉంటాడు. ఇది సోమరితనం కాదా?

తండ్రులు అడిగే ప్రశ్న ఇది. కాదు. గొంతులు వినిపించడం, అనుమానాలు పైకి కనిపించే లక్షణాలు. ఉత్సాహం, చొరవ, మాట, ముఖంలో భావం తగ్గిపోవడం లోపలి లక్షణాలు. మందులు మొదటివాటి మీద పనిచేసినంతగా రెండోవాటి మీద పనిచేయవు. ఎక్కువకాలం ఇబ్బంది పెట్టేవీ ఇవే. మందు మత్తు, దిగులు కూడా ఇలాగే కనిపిస్తాయి కాబట్టి ఆ రెండింటినీ డాక్టరు విడిగా చూడాలి.

"లేచి ఏదైనా పని చెయ్యి" అంటే ఏ పని అన్నది అతనికి అందదు. "తొమ్మిదింటికి పాల ప్యాకెట్ తెచ్చిపెట్టు నాన్నా" అనండి. నెల తర్వాత పాలతో పాటు కొత్తిమీర. తెచ్చిన రోజున ఒక మంచి మాట, తేని రోజున మౌనం. ఇంతే. చాలా నెమ్మదిగా నడుస్తుంది, అయినా నడుస్తుంది.

ఇంట్లో మేం ఎలా మాట్లాడితే మంచిది?

1950లలో లండన్‌లో జార్జ్ బ్రౌన్ అనే పరిశోధకుడు, ఆసుపత్రి నుంచి వెళ్లినవారిలో ఎవరికి తిరగబెడుతోందో చూడటం మొదలుపెట్టాడు. తల్లిదండ్రుల దగ్గరకో భార్య దగ్గరకో చేరినవారు అద్దె గదుల్లో ఉన్నవారికంటే ఎక్కువగా మళ్లీ జబ్బుపడటం అతన్ని ఆశ్చర్యపరిచింది. ఆ తర్వాత దశాబ్దాల పరిశోధనలో తేలిందేమిటంటే, ఎత్తిపొడుపులు, వైరం, ఊపిరాడనంత అతిజాగ్రత్త ఉన్న ఇళ్లలో జబ్బు ఎక్కువగా తిరగబెడుతుంది. చండీగఢ్‌లో ఇదే పద్ధతిలో చూస్తే మన కుటుంబాల్లో ఆ ఎత్తిపొడుపులు లండన్‌లో కంటే తక్కువని తేలింది.

కుటుంబం వల్ల జబ్బు వస్తుందని దీని అర్థం కాదు, దయచేసి అలా తీసుకోకండి. జబ్బు మెదడుకు సంబంధించినది. కానీ వచ్చాక ఇంటి గొంతుకు బలం ఉంది. భోజనం దగ్గర "పక్కింటి కుర్రాడు అమెరికా వెళ్లాడు" అన్న మాట మీరు ఎవరినీ ఉద్దేశించకుండానే అని ఉండవచ్చు. కంచం ముందున్న మనిషికి అది సూటిగా తగులుతుంది. రెండో వైపు, ముప్పై ఏళ్ల కొడుక్కి అన్నం కలిపి ముద్దలు పెట్టడం ప్రేమే. అతను తన చేత్తో తినే రోజును అది వెనక్కి నెడుతుంది. భ్రమలను కాదని కొట్లాడవద్దు, నిజమేనని వంత పాడవద్దు. "నాకు వినిపించడం లేదు. నీకు వినిపిస్తోందంటే భయంగానే ఉంటుంది" అంటే చాలు.

మందు మానకుండా ఉండటమనే పని రోగి ఒక్కడి నెత్తిన పెట్టలేం. తిట్లు లేని ఇంట్లో మాత్ర తేలిగ్గా గొంతు దిగుతుంది.

మళ్లీ తిరగబెడుతోందని ముందే ఎలా తెలుస్తుంది?

నిద్ర. దాదాపు అందరికీ మొదట తప్పేది అదే. తర్వాతి గుర్తులు ఒక్కొక్కరికి ఒక్కో రకం. మా తమ్ముడు కిటికీ తెరలు పగలే మూస్తాడు, టీవీ మీద తువ్వాలు కప్పుతాడు. ఒకరు ఫోను స్విచాఫ్ చేస్తారు, ఇంకొకరు అకస్మాత్తుగా గంటల తరబడి పూజలో కూర్చుంటారు. బాగున్న రోజుల్లో రోగితో కలిసి కూర్చుని ఆ గుర్తులు ఒక కాగితం మీద రాసుకోండి. వాటిలో ఏదైనా రెండు మూడు రోజుల పాటు కనిపిస్తే ఎవరికి ఫోన్ చేయాలో, ఏ ఆసుపత్రికి వెళ్లాలో కింద రాయండి. గంజాయి, మద్యం ఉన్నచోట తిరగబెట్టడం మరీ ఎక్కువ. గంజాయి విషయంలో సర్దుబాటుకు తావు లేదు.

దర్గాకు, భూతవైద్యుడి దగ్గరకు తీసుకెళ్లమంటున్నారు.

మొక్కుకోండి, ప్రదక్షిణలు చేయండి. మందు ఆపమన్నా, కట్టేయమన్నా, కొడతామన్నా ఆ గడప దిగి వచ్చేయండి. 2001 ఆగస్టు 6న తమిళనాడులో దర్గాకు పేరుపడ్డ ఏర్వాడిలో ఒక ఆశ్రయంలో మంటలు లేచినప్పుడు గొలుసులతో కట్టి ఉంచిన మానసిక రోగులు కదల్లేకపోయారు, 28 మంది చనిపోయారు. గొలుసులతో కట్టడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది.

పెళ్లి చేస్తే సర్దుకుంటాడంటున్నారు. నిజమేనా?

"పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు" అన్న సామెత మన నోళ్లలో ఇంకా తిరుగుతోంది. ఆ సామెతను నమ్మి ఎంతమంది ఆడపిల్లల జీవితాలను బలిపెట్టామో. పెళ్లి వైద్యం కాదు. కొత్త మనిషి, కొత్త ఇల్లు, నిద్రలేని రాత్రులు, ఎవరికీ తెలియకూడదని మందులు దాచడం, ఇవన్నీ కలిసి తిరగబెట్టడానికే దారి తీస్తాయి.

అలాగని పెళ్లికి పనికిరారనీ కాదు. ఏళ్ల తరబడి నిలకడగా ఉండి, తన జబ్బు తనకు తెలిసి, మందులు తానే వేసుకునేవారు చక్కగా కాపురం చేస్తున్నారు. అవతలివారికి ముందే చెప్పడం మాత్రం తప్పనిసరి. దాచిపెట్టి చేసిన పెళ్లి కోర్టులో చెల్లకుండా పోవచ్చు. జబ్బు పేరు ఉన్నంత మాత్రాన విడాకులు ఇవ్వలేమనీ, తీవ్రత ఎంతో చూడాలనీ 2013లో సుప్రీంకోర్టు ఒక కేసులో స్పష్టం చేసింది. గర్భం అనుకుంటే మందు హఠాత్తుగా ఆపకుండా ముందే డాక్టరును కలవాలి.

పిల్లలకు వస్తుందా?

జనాభాలో ఈ జబ్బు వచ్చేది నూటికి ఒకరి లోపే. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే పిల్లలకు నూటికి పది వరకు, ఇద్దరికీ ఉంటే నలభై వరకు అవకాశం. ఒకే పోలిక కవలల్లో ఒకరికి వస్తే రెండోవారికి కూడా రావడం సగం మంది లోపే. అంటే జన్యువులు అవకాశాన్ని పెంచుతాయి, ఖాయం చేయవు. ఇలాంటి ఇళ్లలోని పిల్లలను గంజాయికి దూరంగా ఉంచడం మన చేతిలో ఉన్న పని.

చచ్చిపోతానంటున్నాడు. లేదా ఇంట్లో అదుపు తప్పుతున్నాడు. అప్పుడేం చేయాలి?

ఈ జబ్బు ఉన్నవారిలో దాదాపు 5 శాతం మంది ఆత్మహత్యతో చనిపోతారు. ఆసుపత్రి నుంచి వచ్చిన తొలి వారాలు, తన జీవితం ఎక్కడ ఆగిపోయిందో మనిషికి అర్థమయ్యే రోజులు ఎక్కువ ప్రమాదం. ఆ మాటను బెదిరింపు అనుకోకండి. నేరుగా, మెల్లగా అడగండి. అడిగితే ఆలోచన పుడుతుందన్నది అపోహ. పురుగుమందు, మిగిలిన మాత్రలు తాళంలో పెట్టండి, ఒంటరిగా వదలకండి, వెంటనే దగ్గరి ఆసుపత్రికి తీసుకెళ్లండి. టెలీ మానస్ నంబరు 14416 రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు.

అతను ఒప్పుకోకపోయినా, నిబంధనల ప్రకారం ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించి తీవ్రత ఉందని నిర్ధారిస్తే, అతని తరఫు ప్రతినిధి దరఖాస్తు మీద 30 రోజుల వరకు చేర్చుకునే వీలు చట్టంలో ఉంది. బాగున్నప్పుడే ఆ ప్రతినిధి ఎవరో రోగి చేత తెల్లకాగితం మీద రాయించి సంతకం పెట్టించుకోండి. ఎర్రగడ్డ, చినవాల్తేరు మానసిక ఆసుపత్రుల పేర్లను మనవాళ్లు తిట్టుగా వాడతారు. అవసరమైనప్పుడు ఆ తిట్టుకు జడిసి ఆగిపోకండి, అక్కడ ఉన్నది వైద్యమే.

ప్రభుత్వం నుంచి ఏం సాయం అందుతుంది?

2016 వికలాంగుల హక్కుల చట్టంలో మానసిక వ్యాధి కూడా ఉంది. సదరం లేదా యూడీఐడీ (వైకల్య గుర్తింపు కార్డు) ద్వారా పరీక్ష చేయించుకుని 40 శాతం, ఆపైన ధ్రువపత్రం వస్తే పింఛనుకూ ఇతర సౌకర్యాలకూ దరఖాస్తు చేసుకోవచ్చు. పరీక్షకు తీసుకెళ్లేటప్పుడు పాత మందుల చీటీలన్నీ ఉంచుకోండి. ఆరోజు మనిషి ప్రశాంతంగా కనిపిస్తే ఏళ్ల కష్టాన్ని చెప్పేవి ఆ చీటీలే. ఆరోగ్య బీమా కంపెనీలు మానసిక వ్యాధులకూ శరీర వ్యాధులతో సమానంగా వర్తింపజేయాలని 2017 చట్టం చెబుతోంది. ఓపీ ఖర్చులు చాలా పాలసీల్లో రావు.

మా తర్వాత వీణ్ణి ఎవరు చూసుకుంటారు?

డెబ్బై దాటిన అమ్మానాన్నలు గొంతు తగ్గించి అడుగుతారు. "అన్నయ్య చూసుకుంటాడులే" అని ఊరుకోవద్దు. అన్నయ్యను, వదినను ఎదురుగా కూర్చోబెట్టి ఎవరు ఏది చేయగలరో ఇప్పుడే మాట్లాడండి. ఇంట్లో ఉంచుకోలేనన్నవారు మందులు తెచ్చే పని తీసుకోవచ్చు, డబ్బు లెక్క చూడవచ్చు. ఒప్పుకున్నంత మేరకే ఆశించండి.

మీరు ఉండగానే అతనికి కొన్ని పనులు రావాలి: అన్నం వండుకోవడం, ఏటీఎం వాడటం, ఒంటరిగా ఓపీకి వెళ్లి చీటీ రాయించుకోవడం. జబ్బు పేరు, వాడిన మందులు, పడనివి, డాక్టరు నంబరు అన్నీ ఒక ఫైలులో ఉంచి రెండో మనిషికి చూపించండి.

నేషనల్ ట్రస్ట్ చట్టం కింద సంరక్షకుణ్ణి నియమించుకోవచ్చని చాలామంది సలహా ఇస్తారు. ఆ చట్టం ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలకే వర్తిస్తుంది, స్కిజోఫ్రీనియాకు వర్తించదు. ఆస్తి ఉంటే లాయరుతో మాట్లాడి వీలునామాలో ట్రస్టు ఏర్పాటు చేయడం మేలు. ఇల్లు నేరుగా అతని పేర రాస్తే సంతకం పెట్టించుకుపోయేవాళ్లకు కొదవ ఉండదు.

తల్లో తండ్రో ప్రభుత్వ ఉద్యోగి, పింఛనుదారు అయితే, సంపాదించుకోలేని స్థితిలో ఉన్న మానసిక రోగి అయిన బిడ్డకు వయోపరిమితి లేకుండా జీవితాంతం కుటుంబ పింఛను వచ్చే నిబంధన కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు ఉంది. రాష్ట్ర ఉద్యోగులు తమ ట్రెజరీలో అడిగి తెలుసుకోవాలి. వైద్య ధ్రువపత్రం తీసుకుని, బిడ్డ పేరును ఆఫీసు రికార్డుల్లోకి ఎక్కించే పని మీరు బతికుండగానే పూర్తిచేయండి. మీరు పోయాక ఆ కాగితాల కోసం కార్యాలయాల చుట్టూ తిరగడం అతని వల్ల కాదు.